షరాబు ముట్టని బిళ్లలు

కొండవాకిలి రాజు నరసింగరాయలకు ఒకరోజు పొద్దున్నే మంచితనం పుట్టుకొచ్చింది. రాత్రి తిన్నది అరగకపోతే రాజులకు అలాగే అవుతుంది.

"మన ఊరు కడిగిన ముత్యంలా ఉండాలి. ఎక్కడా అసభ్యం కనిపించకూడదు" అన్నాడు.

"ఆ పని నాకొదిలేయండి ప్రభూ" అన్నాడు షరాబు గవరయ్య.

ఎందుకంటే, ఆ ఊళ్లో బేరాలన్నీ గవరయ్య చేతి మీదుగానే నడవాలి. నాణెం అతనికిచ్చి ఇత్తడి బిళ్లలు తీసుకోవాలి. వాటితోనే ఏదైనా కొనాలి. అమ్మినవాళ్లు బిళ్లలు తెచ్చి అతని బల్ల మీద పోస్తే తిరిగి నాణేలిస్తాడు. ఎవరి బిళ్ల మీద వాళ్ల ఇంటి గుర్తు కొడతాడు. సేనాపతిది గుర్రం, పురోహితుడిది దర్భకట్ట, అలా. రాజుగారిది ఏనుగు.

గవరయ్య దండోరా వేయించలేదు, ఎవరినీ కొట్టలేదు. పాటల అలివేణి, విన్నవాళ్లిచ్చిన బిళ్లలు తెచ్చి బల్ల మీద పోస్తే, ఒక్క వేలితో పక్కకు తోశాడు.

"నీవి ముట్టను."

"ఎందుకండీ?"

"నియమం."

"ఏ నియమమండీ?"

"అది చెప్పకూడదన్నది కూడా నియమమే."

అలివేణి పాడేవి పడకటింటి పాటలు. అలకలు, బుజ్జగింపులు, ఆ తరవాతవీ. నాలుగు గోడల మధ్య పాడేది, రచ్చకెక్కేది కాదు. గుమ్మంలో ముసలి చిట్టెమ్మ కర్ర పట్టుకుని కూర్చునేది. మీసం రానివాణ్ణి మీసం వచ్చాక రమ్మని పంపేసేది. పెళ్లయిన ఆడవాళ్లూ వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ వినేవాళ్లు.

రెండు నెలలు గడిచాయి. బిళ్లలుండీ బియ్యం లేవు, అలివేణి బిళ్లంటే కొట్టువాళ్లూ పుచ్చుకోవడం లేదు. మద్దెలవాడు వెళ్లిపోయాడు. చివరికి అలివేణి సామానంతా బండికెత్తి, సెలవు తీసుకోవడానికి కొలువుకొచ్చింది. ఊరొదిలి పోయేవాళ్లు రాజుగారి చేతి తాంబూలం పుచ్చుకుని పోవడం అక్కడి మర్యాద. ఆ తాంబూలం అందాక మళ్లీ ఊళ్లోకి రావడం ఉండదు.

ఆమె చంకలో పెట్టె ఒకటుంది. వెండి పెట్టె అని చెప్పేవాళ్లున్నారు. వాళ్లకేం తెలుసు. పనసచెక్కది. కింద పెడితే లోపల ఇత్తడి గణగణమంది.

"కూర్మయ్యా, తాంబూలం" అన్నాడు రాజు.

కూర్మయ్య రాజుగారికి ఆకూవక్కా అందించే అడపవాడు. ఆకుకు సున్నం రాస్తూ రాస్తూ ఆగాడు.

"దొరా, ఒక్క సందేహం. షరాబుగారూ, ఈ పాటల పాపం పాడినవాళ్లదా, విన్నవాళ్లదా?"

"ఇద్దరిదీ" అన్నాడు గవరయ్య, మీసం సవరించుకుని. "నా నియమానికి పక్షపాతం లేదు."

"అయితే విన్నవాళ్ల బిళ్లలు కూడా మీరు ముట్టకూడదు."

"ముట్టను. ఎంతటివాళ్లవైనా సరే."

"ఎవరు విన్నారో తెలిసేదెలా?"

"అదేం ప్రశ్నరా. బిళ్ల మీద గుర్తుంటుందిగా. నా చేత్తో కొట్టిన గుర్తు."

"మహా బాగా చెప్పారు" అని కూర్మయ్య ఆకు పక్కన పెట్టాడు. "ఆ పెట్టె ఇక్కడే తెరిచి, గుర్తులు ఒక్కొక్కటే పైకి చదువుదాం."

కొలువులో ఉన్నట్టుండి అందరికీ తొందర పని పడింది.

సేనాపతికి గుర్రానికి దాణా వేయలేదని గుర్తొచ్చింది. మిట్టమధ్యాహ్నం పురోహితుడు సాయంసంధ్యకు వేళయిందని లేచాడు. రాజుగారు సింహాసనంలో అటు నుంచి ఇటు కదిలారు.

కూర్మయ్య పెట్టె మూత మీద చెయ్యి వేశాడు.

గవరయ్య పరుగున వచ్చి ఆ పెట్టె మీద కూర్చున్నాడు. అంత లావు మనిషి, అంత చిన్న పెట్టె.

"ఇది తెరవకూడదు ప్రభూ. నియమానికి విరుద్ధం."

"ఏ నియమానికయ్యా?" అన్నాడు రాజు.

జవాబు కూర్మయ్యే చెప్పాడు.

"అది చెప్పకూడదన్నది కూడా నియమమే దొరా."

గవరయ్య పెట్టె మీద ఇంకా గట్టిగా సర్దుకు కూర్చున్నాడు. "అసలు ఈ పెట్టె తెరిచే అవసరమేముంది ప్రభూ? అలివేణమ్మ బిళ్లలు రేపటి నుంచి మారుస్తాను. రేపెందుకు, ఇప్పటి నుంచే. ఆగిపోయినవాటికీ నాణేలిచ్చుకుంటాను."

"ఇచ్చుకో" అన్నాడు రాజు, కాస్త తొందరగానే. "వినేవాళ్లు వింటారు, వద్దనుకునేవాళ్లు ఇంట్లో ఉంటారు. గుమ్మంలో చిట్టెమ్మ ఉండనే ఉంది. ఇదీ నా ఆజ్ఞ."

లేఖకుడు రాశాడు, ముద్ర పడింది. అప్పుడు అలివేణి చేతులు జోడించింది.

"షరాబుగారు లేస్తే నా పెట్టె తీసుకుంటాను."

గవరయ్య లేచాడు. ఆమె మూత తీసింది. లోపల బిళ్ల అన్నది లేదు. పాటలో వాయించే చిటితాళాలు ఒక జత ఉన్నాయి, కొత్తవి, తళతళలాడుతూ.

"చెల్లని ఇత్తడి దాచుకుని ఏం చేయను దొరా? కంచరికిచ్చి కరగబోయించాను. గుర్తులన్నీ ఇందులోనే కలిసిపోయాయి."

రాజుగారు గుండెల నిండా గాలి పీల్చుకున్నారు. ధైర్యం రాగానే చమత్కారమూ వచ్చింది.

"ఏమయ్యా గవరయ్యా, వీటిలో నీవెన్ని కరిగాయి?"

పుట్టి బుద్ధెరిగాక లెక్క తప్పని నోరది. ఆగమంటే ఆగుతుందా?

"పదకొండు ప్రభూ."

కొలువు కొలువంతా పొట్టలు పట్టుకుంది. పారిపోబోయిన పురోహితుడు కూడా గుమ్మంలో ఆగి నవ్వాడు.

సెలవు తాంబూలం కోసం సున్నం రాసిన ఆకును రాజు తన చేత్తో కూర్మయ్య నోట్లో పెట్టి, వేలి ఉంగరం తీసి తొడిగాడు. చిటితాళాలు మాత్రం గవరయ్య చేతికిచ్చాడు.

"శుక్రవారం అలివేణి పాడుతుంది. తాళం నువ్వు వెయ్యి. పాటలు నీకు వచ్చుగా."