చుక్కమ్మ పూసుకున్న నలుగు

అనగనగా ఒక అడవిలో, ఊరికి దగ్గరగా, వాగు పక్కన ఒక చుక్కల దుప్పీ దాని కూతురూ ఉండేవి. కూతురి పేరు చుక్కమ్మ.

పొద్దున లేవగానే తల్లి ఆ పిల్లను చెవుల నుంచి తోక దాకా నాకేది. ఒంటి మీద ఏ వాసనా మిగలనిచ్చేది కాదు.

"చిరుత వస్తే గడ్డిలో కదలకుండా పడుకో. వాసన లేకపోతే దాని ముక్కుకు దొరకవు. మచ్చలుంటే కంటికి దొరకవు," అనేది.

చుక్కమ్మకు ఆ మచ్చలే నచ్చేవి కావు. చెట్టు మీది కోతి కూడా ఊరుకునేది కాదు.

"ఏమే పిల్లా, నీకు అమ్మవారు పోసిందా? ఒళ్ళంతా ఆ మచ్చలేమిటే?"

"ఇవి పోతాయా మామా?"

"ఎందుకు పోవు! ఊళ్ళో పెళ్ళికూతురికి నలుగు పెడతారు, చూడలేదూ? శనగపిండి, పసుపు, పెరుగు. అన్నీ వంటింట్లోవే. పెద్ద ఖర్చు లేదు. నాకైతే అసలే లేదు, కిటికీ తీసి ఉంటే చాలు!"

కోతి ఆ మూడూ ఎత్తుకొచ్చి, కొబ్బరి చిప్పలో కలిపి చుక్కమ్మకు పూసింది. తల్లి చూసి, అంతా నాకేసింది. మర్నాడు చుక్కమ్మ మళ్ళీ పూయించుకుంది. తల్లి మళ్ళీ నాకింది.

"ఊళ్ళో పెళ్ళికూతుర్ని చిరుత వెతకదు బిడ్డా. నిన్ను వెతుకుతుంది," అంది.

మూడోసారి చుక్కమ్మ తల్లికి కనబడకుండా వాగు ఒడ్డున గడ్డిలోకి పోయి, మందంగా పూయించుకుంది. నీళ్ళలో చూసుకుంది. ఒక్క మచ్చ లేదు. ఎంత మురిసిపోయిందో!

పొద్దు వాలుతుండగా కోతి చెట్టు మీంచి అరిచింది. "చిరుత! చిరుత!"

చుక్కమ్మ గడ్డిలో పడుకుంది. ఊపిరి బిగబట్టింది. కానీ పులిసిన పెరుగు వాసన గాలిలో పోతూనే ఉంది. చిరుత నేరుగా అటే వస్తోంది.

తల్లి పరుగున వచ్చింది. నాకడానికి వ్యవధి లేదు. తన ఒళ్ళు బిడ్డ ఒంటికి గట్టిగా రుద్దింది. పూత సగం తల్లికి అంటుకుంది.

"అమ్మా, తిట్టవా?"

"రేపు తిడతాను. ముందు వాగులో మునుగు. నేను పిలిచేదాకా రాకు."

బిడ్డను నీళ్ళలోకి తోసి, తల్లి గుట్ట వైపు పరుగెత్తింది. వాసన తల్లి వెంట పోయింది. వాసన వెంట చిరుత పోయింది.

పిలుపు రాలేదు. పిల్లలూ, మీరెంత బతిమాలినా ఈ కథలో పిలుపు రాదు.

తెల్లారింది. పూతంతా నీళ్ళకు కరిగిపోయి చుక్కమ్మ మచ్చలు మళ్ళీ బయటపడ్డాయి. కోతి కొమ్మ మీద తల దించుకుని కూచుంది.

"నేను మంచి నలుగే కలిపాను కదే," అని గొణిగి, ఒక మేడిపండు కిందికి వేసింది.

చుక్కమ్మ దాన్ని ముట్టలేదు. అమ్మ చేసినట్టే ఒళ్ళు నాక్కోబోయింది. కాళ్ళు అందాయి. పక్కలు అందాయి. వీపు మీదికి మాత్రం నాలుక అందలేదు.

నీతి: పదిమందికి పనికొచ్చే పూతైనా మన ఒంటికి పనికొస్తుందో లేదో మనవాళ్ళను అడిగి తెలుసుకోవాలి. మచ్చ అనుకుని చెరుపుకునేదే మనల్ని కాస్తూ ఉండవచ్చు.