నైరుతి మూలకు మారిన ఏసీ మిషను

ఈ కథ నాకు మొదట చెప్పింది గాలి గొట్టాలకు రేకు వంచే దస్తగిరి మేస్త్రి. డాబా మీద నీళ్ళ ట్యాంకు నీడన కూచుని, అన్నం మూట విప్పుకుంటూ చెప్పాడు. ఆ తరవాత ఇదే కథ చాలామంది నోట విన్నాను. ప్రతివాడూ తలో ముక్కా మార్చాడు. ఒక పెద్దమనిషైతే ఇందులోంచి కొంగను తీసేసి చిలకను పెట్టాడు, ఎవరికో కోపం వస్తుందని. ఆ మనిషి ఇంట్లో నేను ఇవాళ్టికీ మంచినీళ్ళు ముట్టను. కొంగ కొంగే. దస్తగిరి ఎట్లా చెప్పాడో అట్లాగే రాస్తున్నాను.

అడవి అంచున బండ్ల బాట పక్కన జంతువులకి ఒక పెళ్ళిళ్ళ హాలు ఉండేది. కట్టించింది ఎలుగు షావుకారు. హాలు గట్టిదే గాని ఎండాకాలం వచ్చిందంటే కుమ్మరి ఆవంలో కూచున్నట్టుండేది. కిందటేడు రోహిణి కార్తెలో కుందేళ్ళ పెళ్ళి జరిగింది. తలంబ్రాలు పొయ్యకముందే పెళ్ళికొడుకు సొమ్మసిల్లి పడ్డాడు. మగపెళ్ళివారు అలిగి లేచిపోయారు. అప్పటినించి ఆ హాలు పేరు చెబితే జనం నవ్వడం మొదలుపెట్టారు. ఈ ఏడు నెమళ్ళ పెళ్ళి కుదిరింది. నెమళ్ళంటే మాటలా, ఈకలు వాడకూడదు, రంగు తగ్గకూడదు.

"డాబా మీద పెద్ద ఏసీ మిషను పెట్టించేస్తా. హాలంతా ఒకటే చల్లదనం. నవ్విన నోళ్ళే నోరెళ్ళబెట్టాలి" అన్నాడు ఎలుగు.

కంట్రాక్టు నక్క పుచ్చుకుంది. బరువు పైకెక్కించే పని బూడిద రంగు మైలెద్దుది. హాలు కట్టేప్పుడు ఇసకా కంకరా మోసింది ఈ ఎద్దే. ముసలిదైంది గాని తన పని ఇంకో ఎద్దు చేస్తే ఓర్చుకోలేని రకం.

ముగ్గురూ డాబా ఎక్కారు. ఎద్దు డెక్కతో స్లాబు మీద కొట్టుకుంటూ నడిచింది. ఒకచోట మొద్దుగా మోగింది. అక్కడ ఆగింది.

"ఇదీ చోటు షావుకారూ. తూర్పు చివర. కింద పిల్లర్లున్నాయి, వాటి మీద బీముంది. ఇక్కడ ఇనప స్టాండు వేసి, కాళ్ళ కింద రబ్బరు ముక్కలు పెట్టి, దాని మీద మిషను దించాలి. ఇది హాలుకి చల్లగాలి ఇస్తుంది గాని, తన ఒంట్లో వేడంతా బయటికి కక్కుతుంది. ఎండాకాలం గాలి పడమటినించి కదా, ఆ వేడిని బాట మీదికి నెట్టేస్తుంది. ఎవరికీ బాధ లేదు."

"మరి గొట్టం?" అంది నక్క.

"హాలు గోడకి కన్నం పడమట ఉంది. డాబా ఈ చివరినించి ఆ చివరిదాకా రేకు గొట్టం వెయ్యాలి."

"అంత పొడుగా!" నక్క ముఖం మాడిన అట్టులాగయ్యింది.

"ఒప్పుకున్న డబ్బులో చెయ్యాల్సిన పనేగా" అన్నాడు ఎలుగు. ఎద్దు కొమ్ముకి సున్నం రాసుకుని ఆ చోట గీత గీసింది.

పడమటి దక్షిణం మూల, పిట్టగోడ కన్నంలో, గువ్వమ్మ కాపురం. మొదటి కాన్పు గుడ్లు పిల్లి తాగింది. రెండో కాన్పు గాలివానకి పోయింది. మగడు వలలో పడి పోయాడు. ఇప్పుడున్నవి రెండు పిల్లలు, ఇంకా కళ్ళు తెరిచి తెరవనట్టున్నాయి. అవే దాని ప్రాణం. మిషను మాట చెవిన పడి పరిగెత్తుకొచ్చింది.

"ఎద్దు మావయ్యా, అది మా వైపు రాదు గదా?"

"రాదమ్మా. తూర్పున పెడుతున్నాం. సున్నం గీత చూడు."

"పిల్లలకి ఈకలు వస్తున్నాయి మావయ్యా. ఎగిరేదాకా ఆ మూల కదలలేను."

నక్క మధ్యలో దూరింది. "నేనుండగా నీకేం భయం చెల్లెమ్మా? నీ పిల్లలంటే నాకు మేనల్లుళ్ళు కారూ?"

"నక్కకి మేనల్లుళ్ళంటేనే నాకు గుండెదడ అన్నయ్యా" అంది గువ్వమ్మ. ఎద్దు కూడా నవ్వింది. ఈ కథలో నవ్వు అదే ఆఖరు.

నక్క తిన్నగా చెరువు గట్టుకి పోయింది. కొంగ సిద్ధాంతి ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకుని ఉంది.

"సిద్ధాంతిగారూ, డాబా మీద బరువు ఏ మూలన ఉండాలి?"

"శాస్త్రం ఒక్కటే చెబుతుందిరా. నైరుతిలో బరువు, ఈశాన్యంలో బోలు."

"నాకు కావాల్సిందీ నైరుతే! హాలు కన్నం పక్కనే. గొట్టం మూరెడు చాలు. షావుకారుతో తమరు ఒక్క మాట..."

కొంగ ఒక కన్ను తెరిచింది. "నైరుతిలో కింద పిల్లరుందా?"

"అది మేస్త్రీల గొడవ. తమరిది శాస్త్రం."

"నిజమేలే. చేపలు ఏపాటివి?"

"బుట్టెడు. బతికున్నవి."

"అయితే రేపే వస్తా" అని కొంగ మళ్ళీ కన్ను మూసింది.

మర్నాడు కొంగ డాబా ఎక్కి సున్నం గీత చూడగానే రెండు రెక్కలూ నెత్తిన పెట్టుకుంది. "శివ శివా! తూర్పున కొండ పెట్టుకుంటావా షావుకారూ? కిందటేడు పెళ్ళికొడుకు ఎందుకు పడ్డాడనుకున్నావు?"

"ఎండకి."

"ఎండ ఊరందరికీ కాసింది. పడ్డది నీ హాల్లో. నైరుతి తేలిపోయింది నాయనా నీకు! ఇప్పుడు తూర్పున ఇంత బరువు పెడితే ఈసారి పడేది పెళ్ళికొడుకు కాడు, యజమాని."

ఎలుగుకి ఒంటి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఎలుగుకంటే ఎక్కువ వెంట్రుకలు ఎవరికుంటాయి? "మిషను నైరుతికి మార్చండి" అన్నాడు.

ఎద్దు ముందుకొచ్చింది. "షావుకారూ, ఆ మూల కింద పిల్లర్లేదు. అది వంటవాళ్ళ కోసం తరవాత లాగిన పంచ. డెక్కతో కొడితే నూనె డబ్బాలాగ మోగుతుంది. పైగా పడమటి గాలికి ఎదురు. మిషను కక్కిన వేడిని గాలి మళ్ళీ దాని ముఖానే కొడుతుంది. పిట్టగోడ మూల గనక వేడి బయటికి పోదు. అక్కడ గువ్వమ్మ పిల్లలున్నాయి."

"ఈ హాలుకి యజమాని గువ్వా, షావుకారా?" అంది నక్క. "పలుపు మెడలో ఉన్నవాడు పంచాంగం చెబుతున్నాడు, వినండి!"

"మాటలొద్దు" అన్నాడు ఎలుగు. "మోకు పడతావా, పక్క అడవి కర్రెద్దుని పిలిపించనా?"

అదీ దెబ్బ. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు గాని, మెత్తనివాడికీ ఒక చోట రోషం ఉంటుంది, ఆ చోటు చూసి కొట్టడం గొప్పవాళ్ళకి తెలుసు. తన హాలు మీద తన పని కర్రెద్దు చెయ్యడమా? ఎద్దు మోకు మెడకి వేసుకుంది.

ఏటవాలు బల్లల మీద, గిలక మీదుగా, ఆ ఇనప కొండని ఎద్దు పైకి లాగింది. ఎక్కడా జారనియ్యలేదు, ఎక్కడా తగలనియ్యలేదు. గీత దగ్గర ఆగకుండా నైరుతికి తిప్పేసరికి గువ్వమ్మ ఎదురొచ్చింది.

"మావయ్యా, గీత అటుంది. ఇటు తెస్తున్నావేం?"

"చెప్పాను తల్లీ. వినలేదు."

"చెప్పావా? చెప్పి, మళ్ళీ లాగుతున్నావా?"

ఎద్దు మిషనుని పసిబిడ్డని ఉయ్యాల్లో వేసినంత మెల్లిగా దించింది. దించి, గువ్వమ్మ దగ్గరికొచ్చి మోకాళ్ళ మీద కూచుంది.

"గూటితో సహా పిల్లల్ని నా కొమ్ముల మధ్య పెట్టమ్మా. మెల్లిగా దించి, నా కొట్టంలో వాసం మీద పెడతా. అక్కడ నీడ ఉంటుంది. ఇక్కడ వద్దు. ఇక్కడ నిప్పులు కురుస్తాయి."

గువ్వమ్మ ఊగిసలాడింది. అప్పుడు నక్క వచ్చింది, ఏ ఎండకా గొడుగు పట్టే నక్క. గువ్వ ఏడుస్తూ కిందికి దిగితే నలుగురూ అడుగుతారు, షావుకారు మళ్ళీ ఆలోచనలో పడతాడు, మళ్ళీ పొడుగు గొట్టం నెత్తిన పడుతుంది. అదీ దాని భయం.

"పిచ్చి చెల్లెమ్మా, ఇది నిప్పుల మిషనా, చల్ల మిషనా? పేరులోనే ఉంది గదా! హాల్లో పెళ్ళివారికి దొరికే చల్లగాలి నీ పిల్లలకి ఊరికే దొరుకుతుంది. కొట్టంలో పేడ, దోమల మధ్య పెడతానంటాడే ఈ ముసలాడు! వాడి మాట నమ్మి పోతావా? గీత అక్కడ గీసి మిషను ఇక్కడ దించినవాడు వాడేగా?"

గువ్వమ్మ ఎద్దు వైపు చూసింది. "నా కళ్ళ ముందే లాగావు మావయ్యా. ఇంక నీ మాట ఎట్లా నమ్మను?" అని కన్నంలోకి వెళ్ళిపోయి పిల్లల మీద రెక్క కప్పింది.

నెమళ్ళ పెళ్ళి రోజు వచ్చింది. మిషను ఆడింది. హాలంతా మార్గశిర మాసంలాగైపోయింది. ఏనుగులు కూడా శాలువాలు కప్పుకున్నాయి. "నక్క చెయ్యి పడితే అంతే" అన్నారు జనం. ఎలుగు మీసం దువ్వుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. మొదటి గంటలో పైన కూడా బాగానే ఉన్నట్టుంది. గువ్వమ్మ పిల్లలకి మేత కోసం కిందికి దిగింది. పెళ్ళివారి అక్షింతలు వాకిట్లో రాలి ఉన్నాయి. ఏరుకుంది. పసుపు బియ్యం పిల్లలకి మంచిదో కాదోనని కడిగి మరీ నోట కరుచుకుంది.

పైకి వెళ్ళేసరికి పడమటి గాలి లేచింది. మిషను కక్కిన వేడి పోవడానికి దారి లేక పిట్టగోడ మూలలో సుళ్ళు తిరుగుతోంది. గువ్వమ్మ దగ్గరికి పోబోయింది, రెక్క అంచు కమిలింది. మళ్ళీ పోబోయింది. మళ్ళీ. పిల్లలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి, మేత కోసం కాదు, గాలి కోసం.

కింద ఎద్దుకి పిల్లల కీచులు వినబడ్డాయి. పలుపు తెంపుకుని హాలు గుమ్మంలోకి దూకింది. "మిషను ఆపండి! షావుకారూ, ఒక్క నిమిషం ఆపించు!"

"మాంగల్యధారణ టైములో ఆపుతారట్రా?" అంది నక్క, లడ్డూ నోట్లో పెట్టుకుని.

"తాళి పడ్డాక చూద్దాం" అన్నాడు ఎలుగు. "పెళ్ళికొడుకు పడిపోతే?"

"పైన పిల్లలు పోతున్నాయయ్యా!"

బాజాల హోరులో ఆ మాట ఎవరికీ వినబడలేదు. వినబడ్డవాళ్ళు వినబడనట్టున్నారు. ఎద్దు డాబా ఎక్కి వెళ్ళి, తన ఒళ్ళు అడ్డం పెట్టి, కన్నానికీ మిషనుకీ మధ్య నిలబడింది. దాని పక్కటెముకల మీద బొచ్చు కాలింది. అయితే ఏం లాభం? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. రెండు పిల్లలూ అప్పటికే కదలడం మానేశాయి. గువ్వమ్మ నోట్లో బియ్యం అట్లాగే ఉంది.

తన వేడి తనే మింగి మింగి మిషను కూడా ఆగిపోయింది. కింద తాళి పడింది, మేళం మోగింది, ఆ వెంటనే హాల్లో ఉక్క మొదలయ్యింది. జనం విసనకర్రల కోసం వెతుక్కుంటూ ఉంటే వంటపంచ స్లాబులో చిటచిటమని శబ్దం వచ్చింది. పగులు గోడదాకా పాకింది. వంటవాళ్ళు తాళి చూడ్డానికి హాల్లోకి పోయారు గనక బతికారు. మైలెద్దు ఒక్క గంతులో తూర్పుకి తప్పుకుంది, గువ్వమ్మ గాల్లోకి లేచింది, ఇనప కొండ పంచలోంచి జారి పప్పు గుండిగల మీద కూలింది.

అప్పుడు పంచాయితీ పెట్టారు.

"నేను పని శుభ్రంగా చేయించా" అంది నక్క. "ఎద్దు దబ్బున దించాడు, స్లాబు అదిరింది. అదీ సంగతి."

"చోటు శాస్త్రోక్తమే" అంది కొంగ. "దించేటప్పుడు ఎద్దు ఎడమకాలు ముందు పెట్టాడని విన్నాను."

ఎలుగు నక్క వైపు చూశాడు, కొంగ వైపు చూశాడు. ఆ ఇద్దరి మాటా తప్పంటే వాళ్ళని నమ్మిన తన బుర్ర తప్పవుతుంది. షావుకార్లు ఆ తప్పు ఒప్పుకోరు. "గువ్వమ్మా, నువ్వు పక్కనే ఉన్నావు. లాగి దించింది ఎవరు?" అన్నాడు.

అందరూ అటు తిరిగారు. ఎద్దు కూడా తలెత్తి చూసింది, తను ఎంత మెల్లిగా దించిందో చూసింది గువ్వమ్మ ఒక్కతేనని.

"ఎద్దే" అంది గువ్వమ్మ.

అంతే అంది. అబద్ధం కాదు. ఇంకో మాట అడిగితే చెప్పేదేమో. ఎవరూ అడగలేదు. తప్పంతా ఎద్దుదేనని తేల్చేశారు. ఉరుము ఉరిమి మంగళం మీద పడింది. ఎద్దు బండ్ల బాట పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ చుట్టుపక్కల దాన్ని మళ్ళీ ఎవరూ చూడలేదు. గువ్వమ్మ కూడా ఆ డాబా మీద మళ్ళీ గూడు కట్టలేదు. నక్క పక్క అడవిలో కొత్త పని ఒప్పుకుంది. ఎలుగు షావుకారు మాత్రం పంచ లేని హాలు గుమ్మంలో, తాటాకు విసనకర్రతో విసురుకుంటూ, రాని పెళ్ళివారి కోసం ఎదురుచూస్తూ ఉండిపోయాడు. తను మోసపోయానని ఆయనకి ఈనాటికీ తెలీదు.

తప్పని తెలిసీ మోసిన బరువు, దించాక కూడా వీపు దిగదు.

మా వైపు ఎక్కడ పని చెడినా "ఎద్దు దించిన మిషను" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. నాకంటే బాగా రాయగలిగినవాళ్ళు, నలుగురూ వినే నోరున్నవాళ్ళు ఎవరైనా దీన్ని సరిచెయ్యండి. చోటు మార్పించింది నక్క అని రాయండి. చేపలకి శాస్త్రం చెప్పింది కొంగ అని రాయండి, చిలక అని రాయకండి. ఆపమంటే ఆపనిది ఎలుగు అని రాయండి. ఎద్దు లాగింది, అదీ రాయండి, ఆ వాటా తీసెయ్యమని నేను అడగడం లేదు. కానీ మెల్లిగా దించింది. ఆ ఒక్క ముక్కా ఎవరూ రాయలేదు.