ఉప్పుమడిలో వంకర జడ

ఇలా వచ్చి నా ముందు కూచో మైనా. జుట్టు విరబోసుకుని పడుకోకూడదు. నేను జడ అల్లుతూ కథ చెప్తాను, నువ్వు ఊఁ కొట్టు. అటూ ఇటూ కదిలావంటే చిక్కు తీసేటప్పుడు నొప్పెడుతుంది, ఆ తర్వాత నన్ననకు.

అనగనగా సముద్రం ఒడ్డున ఓ ఊరు. ఆ ఊళ్ళో వరి పండదు, ఉప్పే పండుతుంది. ఆ ఉప్పుమళ్ళలో పోలమ్మ అని ఒకావిడ పనిచేసేది. ఆవిడకి ఒక్కతే కూతురు, నూకరత్నం. పోలమ్మ ఎడమచేతి బొటనవేలిని ఉప్పు తినేసింది, అది వంగదు. అందుకని ఎంత బిగించి అల్లినా కూతురి జడ ఎడమ పక్కకి వంకర పోయేది. నా జడ వెనకాల నడిస్తే మేకలు కూడా దారి తప్పుతాయే అమ్మా అని ఆ పిల్ల వెక్కిరించేది. నీలాంటిదే, నోరు ఊరుకోదు.

ఒకనాడు పట్నం నుంచి బొమ్మలు వేసే ఆయన వచ్చాడు. పిల్లని గట్టు మీద నిలబెట్టి మూడు రోజులు బొమ్మ వేశాడు. మూడో రోజు పిల్ల సంబరం పట్టలేకపోయింది. దూరంగా మడిలో ఉప్పు లాగుతున్న తల్లి వైపు తిరిగి పిలిచింది.

"అమ్మా, ఒక్కసారి ఇటు చూడవే."

పోలమ్మ తల ఎత్తలేదు. పిల్ల రెండోసారి పిలిచింది. అప్పుడూ ఎత్తలేదు. మూడోసారి పిలిస్తే, పని కానీయవే అని కసిరింది గానీ, వంచిన తల వంచినట్టే ఉంది. సాయంత్రానికి ఆయన బొమ్మ చుట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఏడే ఉప్పెన వచ్చింది. ఇల్లు పోయింది, మళ్ళు పోయాయి, పిల్ల పోయింది. పోలమ్మ మూడు రోజులు బురదలో వెతికింది. దొరకలేదు. ఊఁ కొట్టు. భయమేస్తే నా మోకాలు పట్టుకో.

ఆ ఇంట్లో ఫోటో అన్నది లేనే లేదు. ఏళ్ళు గడిచేకొద్దీ పోలమ్మకి కూతురి మొహం చెరిగిపోతూ వచ్చింది. మొదట పుట్టుమచ్చ ఏ చెంప మీదో మర్చిపోయింది. ఆ తర్వాత పలువరస మర్చిపోయింది. ఆ తర్వాత ఓ పొద్దున లేచి కళ్ళు మూసుకుంటే, మొహం ఉండాల్సిన చోట తెల్లగా ఉప్పు కనపడింది.

అప్పుడు ఉప్పు బస్తాల లారీ నడిపే ఆయన ఓ కబురు తెచ్చాడు. పట్నంలో ఏదో బొమ్మల మేడలో మన మళ్ళ బొమ్మ ఉంది, గట్టు మీద ఓ పిల్ల కూడా ఉంది, ఏ మేడో మాత్రం గుర్తు లేదు అన్నాడు. పోలమ్మ ఆ లారీలోనే ఎక్కి కూచుంది. బొమ్మంటూ ఉంటే మొహం ఉంటుంది కదా, ఒక్కసారి చూసుకుని వచ్చేస్తాననుకుంది.

మొదటి మేడలో అన్నీ రాజుల బొమ్మలే. ఒక్కో మీసం మూరెడు. పోలమ్మ ఒక్కో మొహం దగ్గరా ఆగి ఆగి చూసింది. కాపలావాడు నవ్వాడు. కిరీటం లేనివాళ్ళకి ఇక్కడ గోడ దొరకదు ముసలమ్మా, ఉప్పు కూలివాళ్ళని ఎవరు వేలాడదీస్తారు అన్నాడు.

రెండో మేడలో అన్నీ రాళ్ళే. అమ్మవార్లకి ముక్కులు లేవు, నాట్యం చేసే ఆడవాళ్ళకి చెంపలు రాలిపోయాయి. వీళ్ళ మొహాలు ఏమైపోయాయని పోలమ్మ అక్కడ ఊడ్చే అమ్మాయిని అడిగింది. వెయ్యేళ్ళు మట్టిలో ఉంటే మొహం మిగులుతుందా అప్పా అంది ఆ అమ్మాయి. నాకు పన్నెండేళ్ళకే మిగల్లేదు తల్లీ అంది పోలమ్మ.

ఆ తర్వాత మూడో మేడ. అందులో సింహాద్రి అనే ముసలి కాపలావాడు స్టూలు మీద కూచుని కునుకు తీస్తున్నాడు. అతని ఎదురుగానే ఉంది బొమ్మ. గోడంత బొమ్మ. తెల్లటి ఉప్పుమళ్ళు, గట్టు మీద పిల్ల. కానీ మైనా, ఆ పిల్ల అటు తిరిగి ఉంది. వీపే కనపడుతోంది. వీపు మీద జడ, ఎడమ పక్కకి వంకరగా.

పోలమ్మ బొమ్మకి కుడి పక్కకి వెళ్ళి తొంగి చూసింది. ఎడమ పక్కకి వెళ్ళి చూసింది. గోడకి చెంప ఆనించి చూసింది.

"ఎంత జరిగినా మొహం కనపడదమ్మా" అన్నాడు సింహాద్రి. "ఆయన వెయ్యలేదు."

"ఎటు చూస్తోంది బాబూ మా అమ్మాయి?"

మా అమ్మాయి అన్న మాట అతను పట్టించుకోలేదు. లేచొచ్చి వేలు పెట్టి చూపించాడు. బొమ్మలో బాగా దూరంగా, గోరంత మనిషి, ఉప్పు మీదికి వంగి ఉంది.

"ఆవిడ్ని పిలుస్తున్నట్టుంది. ఏళ్ళ తరబడి ఇక్కడే కూచుని చూస్తున్నా. అంత మొండిదాన్ని నేనెక్కడా చూడలేదు. ఆ తల ఎత్తదు."

పోలమ్మ చాలాసేపు ఆ గోరంత మనిషినే చూసింది. ఆ తర్వాత వంగి, దాని చెవిలో చెప్పినట్టు చెప్పింది.

"తలెత్తవే. పిల్ల పిలుస్తోంది."

మేడ మూసే గంట కొట్టారు. సింహాద్రికి అప్పుడు అర్థమైంది. అయినా నిబంధన నిబంధనే, ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా దిగబెట్టాడు. దారి పొడుగునా ఆవిడ వేళ్ళు గాల్లో మూడు పాయలు అల్లుతూనే ఉన్నాయట.

ఆ తర్వాతేమైందంటావా? ఏమవుతుంది, మళ్ళీ ఉప్పుమళ్ళకే వచ్చింది. మొహం మాత్రం గుర్తుకు రాలేదు, చచ్చేదాకా రాలేదు. కానీ మళ్ళలో ఎవరి పిల్ల అమ్మా అని పిలిచినా, వాళ్ళ అమ్మ కంటే ముందు పోలమ్మ తల ఎత్తి చూసేది.

అయిపోయింది నీ జడ. ఇటు తిరుగు. దీపం ఆర్పేముందు ఒక్కసారి మొహం చూడనీ.

మూడు పాయలు జడకి,
మూడు మేడలు కథకి,
కథేమో కంచికి,
నువ్వేమో నా పక్కకి.