పైడి పిల్లిమొగ్గల గౌను

అనగనగా, ఉప్పుగాలి వీచే ఒక ఊళ్ళో పైడి అనే పిల్ల ఉండేదటమ్మా. అచ్చం నీ అంతే. నడవమంటే గెంతేది. గెంతమంటే పిల్లిమొగ్గ వేసేది. ఇసుక కనబడితే చాలు, తల కిందికి, కాళ్ళు పైకి!

అలాంటిది ఒకరోజు ఏమైందీ? బళ్ళో అందరి ముందూ మొగ్గ వేస్తుంటే, బిగుతు గౌను చంకలో పర్రుమని చిరిగింది. పిల్లలంతా ఘొల్లుమన్నారు. పైడి ఇంటికి పరిగెత్తుకొచ్చి మంచం కింద దూరింది. ఆ తర్వాత ఒక్క మొగ్గ వేస్తే ఒట్టు. గెంతడమూ మానేసింది. బుద్ధిగా నడవడం మొదలుపెట్టింది.

ఆ బుద్ధి నడక చూసినప్పుడల్లా వాళ్ళమ్మ నూకరత్నం చేతిలో పని వదిలేసి అటే చూస్తూ ఉండిపోయేది.

ఇంతలో బళ్ళో ఆటల రోజు వచ్చింది. పొద్దున్నే డ్రిల్లు మేష్టారు వాకిట్లోకి వచ్చి, "రత్నమ్మా, సాయంత్రం మొగ్గల పందెం ఉంది. మీ పైడిని పంపుతావా?" అనడిగారు.

"నేను రాను. గౌను చిరుగుతుంది" అంది పైడి తలుపు చాటు నుంచి.

"చిరగని గౌను నేను కుడతా. అప్పుడొస్తావా?" అనేసింది నూకరత్నం.

పైడి సగం మొహం బయటపెట్టింది. "చిరగదా? నిజంగా?"

"నిజంగా!"

అనేసింది గానీ, ఆవిడకి కుట్టడం వచ్చింది దిండు గలేబులే! దిండ్లు గెంతవు కదమ్మా.

పెట్టెలో బనీను గుడ్డ ముక్క ఒకటుంది. మామిడిపండు రంగు. లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. దాన్ని నేల మీద పరిచింది. పైన పైడి పాత గౌను పెట్టి, చుట్టూ సుద్దముక్కతో గీసింది. కత్తెర కరకరలాడింది. కుట్టుమిషను గడగడలాడింది.

మొదట మెడ దగ్గర చిక్కొచ్చింది. పైడి తల దూరిస్తే గౌను మెడ నుదుటి దాకా వచ్చి ఆగిపోయింది. "అమ్మా, చీకటి!" అని లోపల్నుంచి ఒకటే కేక. నూకరత్నం నవ్వాపుకుంటూ మెడ వెడల్పు చేసింది.

ఆ తర్వాత కింద అంచు. గుడ్డ ఎక్కడ జారిపోతుందోనని గట్టిగా లాగి పట్టుకుని కుట్టింది. తీసి చూస్తే అంచంతా వేయించిన అప్పడంలా వంకరలు పోయింది. విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి లాగలేదు. ఊరికే చెయ్యి ఆన్చి, గుడ్డని దాని దారిన పోనిచ్చింది. అంచు బుద్ధిగా కూర్చుంది.

అప్పుడు పైడి గౌను తొడుక్కుని చేతులు పైకెత్తింది.

పట్! పట్! పట్!

పక్క కుట్లన్నీ తెగిపోయాయి. గుడ్డ సాగింది, దారం సాగలేదు. పైడి ఏడవను కూడా ఏడవలేదు. గౌను విప్పి అమ్మ చేతిలో పెట్టి, మళ్ళీ మంచం కింద దూరింది. అవతల బళ్ళో డప్పులు మొదలయ్యాయి.

నూకరత్నం తెగిన గౌను పట్టుకుని లేచింది. అటు చూసింది, ఇటు చూసింది. దండెం మీద మొగుడి బనీను ఆరేసి ఉంది. "రోజూ ఇంత లాగి లాగి వేసుకుంటాడే, ఇదెందుకు తెగదూ?" అని దాన్ని తిరగేసింది.

చూస్తే ఏముందీ? కుట్టు తిన్నగా లేదు! పాము పాకినట్టు వంకీలు వంకీలుగా ఉంది. లాగితే వంకీలు విచ్చుకుంటున్నాయి. వదిలితే దగ్గరికొచ్చేస్తున్నాయి.

"ఓసి నీ!" అని గంతేసింది నూకరత్నం. మిషనుకేమో తిన్నగా పోవడమే వచ్చు. అందుకని సూదీ దారం పట్టుకుని గుమ్మంలో కూర్చుంది. అటొక పోటు, ఇటొక పోటు. అటు, ఇటు, అటు, ఇటు! డప్పుల మోత పెరిగిపోతోంది.

"అయిందా అమ్మా?" అని మంచం కింద నుంచి పైడి.

"ఇంకొంచెం!"

"ఇప్పుడో?"

"ఒక్క చంకే!"

"ఇప్పుడో?"

"రా!"

గౌను తొడగడం, చెయ్యి పట్టుకోవడం, పరుగో పరుగు! వీళ్ళు వెళ్ళేసరికి పిల్లలంతా గీత మీద నిలబడి ఉన్నారు. పైడి చివర నించుంది. మేష్టారు ఈల నోట్లో పెట్టుకున్నారు. 

పైడి మెల్లగా ఒక చెయ్యి ఎత్తింది. పట్ అనలేదు. రెండోది ఎత్తింది. గౌను ఆ పిల్లతోపాటే పైకి సాగింది.

అప్పుడు ఈల మోగింది!

ఒక మొగ్గ. ఇంకో మొగ్గ. మరో మొగ్గ! ఇసుక చిమ్ముతూ మామిడిపండు దొర్లుతున్నట్టే ఉంది. పందెం గీత దాటింది. "ఆగవే, ఆగవే!" అంటున్నారు మేష్టారు. ఆగితేనా! బడి గోడ దాకా వెళ్ళి గానీ ఆగలేదు. పిల్లలు గంతులేస్తూ చప్పట్లు కొట్టారు.

నూకరత్నం పరిగెత్తుకెళ్ళి, "కుట్లు ఊడలేదు కదే తల్లీ?" అంది ఆయాసపడుతూ.

పైడి జుట్టు నిండా ఇసుక. కళ్ళు మిలమిల మెరుస్తున్నాయి.

"ఏ కుట్లమ్మా?" అంది.

ఆ మాటకి నూకరత్నం కూతుర్ని ఇసుకతో సహా ఎత్తేసుకుని, గిరగిరా తిప్పేసింది.

గౌనేమో ఒంటికి,
కునుకేమో కంటికి,
కథేమో కంచికి,
మనమేమో మనింటికి!