తాగుబోతు ట్రాక్టరు, కొంగ చెప్పిన కొలత

అనగనగా, ఎడ్లకు నాగలి బరువు తప్పి ట్రాక్టర్లు మడిలో దిగిన కాలంలో, పాలగెడ్డ అనే ఊళ్ళో అప్పలకొండ అనే రైతు ఉండేవాడు. మంచివాడే, కానీ కాలు ఒకచోట నిలవదు. వాళ్ళ నాన్న కొన్న పాత డీజిలు ట్రాక్టరే అతనికి ఆస్తి.

ఆ ఏడు ట్రాక్టరు ఇంజను ఆయిలు తాగడం మొదలుపెట్టింది. గొట్టంలోంచి నీలిపొగ వచ్చేది. రోజూ పని ముగియగానే అప్పలకొండ ఆయిలు ఎంతుందో కొలిచే గేజీ పుల్ల తీసి చూసేవాడు. ఆయిలు కింది గీతకు దిగి ఉండేది. లీటరు పోసేవాడు. మర్నాడూ అదే తంతు.

"నువ్వు ట్రాక్టరువి కావు, తాగుబోతువి" అని పదిమందిలో తిట్టేవాడు. నోరులేని బండి, మాట పడింది.

పాత ఇనుము కొనే గవరయ్య ఆ మాట విన్నాడు. "శుక్రవారం లారీ తెస్తాను. ఈలోగా బాగుపడితే సరి, లేకపోతే నాకిచ్చెయ్" అన్నాడు. అప్పలకొండ సరేనన్నాడు. అతని భార్య నూకాలుకు మాత్రం గుండె తరుక్కుపోయింది. మామగారు చివరిదాకా తన పైపంచెతో తుడుచుకున్న బండి అది.

పొరుగు రైతు సత్తిబాబు వచ్చి, "ముసలి ఇంజనుకు చిక్కటి ఆయిలు పడాల బావా. గేరుబాక్సులో పోసేదే పొయ్యి" అన్నాడు. పోశాడు. పొద్దున్నే ఇంజను బిగుసుకుపోయి కదలనంది. నలుగురు తోస్తేగాని అంటుకోలేదు.

పట్నంలో కొట్టువాడు, "కొత్త కార్లకు పోసే పల్చటి ఆయిలుంది, అమృతమే" అన్నాడు. అదీ పోశాడు. పొగ రెట్టింపైంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా!

గురువారం వచ్చేసింది. మడిని బురదగా దున్ని దమ్ము చేసి అప్పలకొండ గట్టున కూలబడ్డాడు. ట్రాక్టరు వెంట పురుగులేరుకునే తెల్లకొంగ దగ్గరికొచ్చింది. కొంగ మాట నమ్మేదెలా అంటారా? బండి పోతే దాని తిండి పోతుంది. తన పొట్ట కోసమైనా అది నిజమే చెప్పింది.

"అయ్యా, ఇంజను ఆపగానే పుల్ల తీస్తావెందుకు?"

"ఇంటికి పోవద్దా?"

"బండిని గట్టు వాలులో నిలుపుతావెందుకు?"

"బ్యాటరీ నీరసపడింది. పొద్దున్న వాలులో దొర్లిస్తే అంటుకుంటాది."

కొంగ నిదానంగా అంది: "చేప కనబడాలంటే నేను నీళ్ళు తేరేదాకా ఒంటికాలిమీద నిలబడతాను. నీ ఇంజనులో ఆయిలు పైనంతా చిమ్మి ఉంటుంది. అది కిందికి జారకముందే, అదీ వాలులో కొలిచి, తక్కువైందని పోస్తున్నావు. ఎక్కువైనదే పొగై పోతోంది."

"పిట్టవి, నాకు ఇంజను నేర్పుతావా?" అని కసిరాడు అప్పలకొండ.

మడికి అన్నం తెచ్చిన నూకాలు అడ్డుపడింది. "రేపే లారీ వస్తాది. ఇద్దరి మాట విన్నావు, మూడోది కూడా విను."

బండిని చదునైన కళ్ళంలోకి తెచ్చి ఆపారు. కాసేపు ఆగాలి. అప్పలకొండ మూడుసార్లు లేచాడు, మూడుసార్లూ నూకాలు చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. తరవాత పుల్ల తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి చూశారు. ఆయిలు పై గీత దాటి రెండు వేళ్ళ ఎత్తున ఉంది. అప్పలకొండకు సిగ్గేసింది.

కింది బోల్టు విప్పి ఉన్నదంతా దింపేశారు. కంపెనీవాళ్ళు బండితో ఇచ్చిన పుస్తకం వెతికి, అందులో రాసిన నంబరు ఆయిలే తెచ్చారు. పై గీత దాకా పోశారు, ఒక్క చుక్క ఎక్కువ పోయలేదు.

శుక్రవారం గవరయ్య లారీతో దిగాడు. అతని కళ్ళముందే ట్రాక్టరు మడిలో మూడు చాళ్ళు తిరిగొచ్చింది. వయసు మళ్ళిన ఇంజను గనక పొగ పూర్తిగా పోలేదు, పల్చబడింది. కళ్ళంలో ఆపి, ఆగి కొలిస్తే ఆయిలు గీత మీదే ఉంది.

"తాగుడు ఎలా మాన్పించావు?" అన్నాడు గవరయ్య.

అప్పలకొండ బండి మీద చెయ్యి వేశాడు. చుట్టూ ఊరి జనం ఉన్నారు.

"ఇది తాగలేదు గవరయ్యా, నేనే పోశాను. పదిమందిలో తిట్టాను గనక పదిమందిలోనే చెబుతున్నాను."

లారీ ఖాళీగా వెళ్ళిపోయింది.

కాబట్టి పిల్లలూ, తాగిందని తిట్టేముందు పోసిన చెయ్యి ఎవరిదో చూసుకోవాలి.