ముప్పు బండ మీద గోరింక

అనగా అనగా, మంచు ఇంకా మనుషుల మాట వినే రోజుల్లో, ఒక సరస్సు ఉండేదర్రా. అబ్బో, ఎంత పెద్దదనుకున్నారు! ఈ ఒడ్డున తుమ్మితే, ఆ ఒడ్డువాళ్ళు ‘చిరంజీవ’ అనేసరికి మర్నాడయ్యేది.

దాని పేరు మంచుమడుగు. తెల్లవారగానే నీళ్ళ మీద మీగడలా మంచు పరుచుకునేది. అందులోంచి పడవలు కలలో నడిచినట్టు నడిచేవి.

తూర్పు ఒడ్డున సాలెవాళ్ళు చీరలు నేసేవారు. పడమటి ఒడ్డున రైతులు వరి పండించేవారు. చీర కావాలన్నా, బియ్యం కావాలన్నా వరహాల మూట పడవలో పెట్టుకుని బయలుదేరాలి. పడవ కాస్త ఒరిగిందా, మనిషి ఈదుకుంటూ ఒడ్డు చేరేవాడు గాని, మూట మాత్రం చేపల పాలు!

అది చూసి పలుకులమ్మ అనే గోరింక ఒక ఉపాయం పన్నింది. ఒడ్డుకొకటి చొప్పున రెండు పెట్టెలు పెట్టించింది. పెట్టెకొక ముసలి గోరింకను కాపలా ఉంచింది. సాలె చెంగల్వమ్మ దగ్గర చీర కొన్న రైతు పడమటి పెట్టెలో ఏడు వరహాలు వేస్తాడు. ఒక గోరింక రివ్వున ఎగిరి, తూర్పు పెట్టె మీద వాలి, “చెంగల్వమ్మకు ఏడు!” అంటుంది. అక్కడి పెట్టెలోంచి చెంగల్వమ్మకు ఏడు వరహాలు ఇస్తారు. అంతే! వరహా కదలదు, మాట ఎగురుతుంది. ఎంత ముచ్చటైన పనో చూశారా?

వ్యాపారం పెరిగింది. గోరింకలు నలభై అయ్యాయి. కాని అంత నీటి మీద ఆగకుండా ఎగిరి ఎగిరి వాటి రెక్కలు పడిపోతున్నాయి. సరస్సు నడుమ ఒక గూటిమేడ కడితే కాసేపు వాలి అలుపు తీర్చుకోవచ్చు. వానల్లోగా అది లేవకపోతే వ్యాపారం మూసుకోవలసిందే. నలభై గోరింకల పిల్లలూ పస్తులే.

మేడ కట్టే వడ్రంగి పిట్టలు నూరు గోతాల జొన్నలు కూలి అడిగాయి. పలుకులమ్మ దగ్గర ఉన్నవి పది. మిగతావి జనం పెట్టాలి. పెట్టినవాళ్ళకు రాబడిలో వాటా.

అయితే ఆ దేశంలో ఒక ఆచారం ఉంది. పక్కవాళ్ళ సొమ్ముతో వ్యాపారం చేయదలచినవారు ముందు సంతరోజున ముప్పు బండ ఎక్కాలి. తమ వ్యాపారానికి రాగల ముప్పులు మూడు, తమ నోటితోనే చెప్పాలి. ఆ తరువాతే గోతం అందుకోవాలి. దీన్ని చూసుకునేవాడు కూర్మయ్య తాత. మూడు వందల ఏళ్ళ తాబేలు.

సంత ముందునాడు పలుకులమ్మ మగడు చుక్కయ్య ఒకటే గొణుగుడు.

“ఏమేవ్, మూడు ముప్పులూ చెప్పావంటే మనకు మూడు గింజలు రాలవు. ఏవో తేలికవి చెప్పరాదూ? రెక్కకు జలుబు చేస్తుందనో, ముక్కు దురద పెడుతుందనో!”

“వాళ్ళ జొన్నలు మన గూట్లో పెట్టుకుని, వాళ్ళ కళ్ళలోకి ఎలా చూస్తానయ్యా?”

“చూడకు. పైకి చూస్తూ ఎగురు.”

పలుకులమ్మ నవ్వేసి, మూడు ముప్పులూ వల్లె వేసుకుంటూ పడుకుంది.

సంతరోజు రానే వచ్చింది. అదే రోజున నీలదొర అనే పాలపిట్ట కూడా బండ ఎక్కింది. చిలుకలను కూలికి పెట్టుకుని ఇదే వ్యాపారం మొదలెడుతోందట! పాలపిట్ట కనబడితే శుభమని జనమంతా మూగారు. నీలదొర డప్పులు వాయించమంది. రెక్కలు రెండూ విప్పింది. అబ్బబ్బ, ఆకాశం ముక్క తెగి బండ మీద పడిందా అన్నట్టుంది! ఆ డప్పుల మోతలో, ఒక్క ఊపిరిలో, గడగడగడగడ ఏదో అనేసింది.

“ఏమన్నావు నాయనా?” అన్నాడు కూర్మయ్య తాత.

“మూడు ముప్పులూ చెప్పాను తాతా. బండ మీదే చెప్పాను. ఆచారం తీరిపోయింది.”

ఎవరికీ ఒక్క ముక్క వినబడలేదు. అయినా ఎవరికి కావాలి? ఎనభై గోతాలు వచ్చి పడ్డాయి.

తరువాత పలుకులమ్మ ఎక్కింది. డప్పులు ఆపమంది. పసిపిల్లకు అన్నం కలిపి పెట్టినట్టు, నెమ్మదిగా చెప్పింది.

“అయ్యలారా, అమ్మలారా! మొదటి ముప్పు మంచు. అది బాగా దట్టమైన రోజున మా పక్షులు ఎగరలేవు. ఆ రోజు మీ మాట అందదు.

రెండో ముప్పు డేగ. అది తరిమితే మా పక్షి భయంతో అంకె మరిచిపోవచ్చు. పొరపాటు జరిగితే తేడా మేమే ఇచ్చుకుంటాం. అలాంటివి ఎక్కువైతే మాకు నష్టం, మీ వాటాకూ నష్టం.

మూడో ముప్పు దొంగ. ఎవడైనా ఒక గోరింకకు అబద్ధపు మాట నేర్పి పంపితే, అది మా పక్షి అవునో కాదో కనిపెట్టే దారి నాకింకా దొరకలేదు.”

జనం ఘొల్లున నవ్వారు. “తన దుకాణానికి తనే తాళం వేసుకుంటోందర్రా!” అన్నాడొక బియ్యం వర్తకుడు. చుక్కయ్య సిగ్గుతో రెక్క కింద తల దాచుకున్నాడు.

సాలె చెంగల్వమ్మ ఒక్కతే కదలకుండా కూర్చుంది. కొత్త మగ్గం కోసం ఆమె ఆరు గోతాల జొన్నలు కూడబెట్టుకుంది.

“ఇదిగో గోరింకా, నా ఆరింట్లో మూడు నీకిస్తాను. ముప్పు విన్నాను గనక మూడు ఇంట్లోనే ఉంచుకుంటాను. కోపమా?”

“కోపమెందుకమ్మా? అందుకేగా చెప్పింది!”

“ఇక ఆ మూడోదానికి నాకొకటి తోస్తోంది. నా దగ్గర రంగురంగుల దారాలున్నాయి. ఏ రోజుకు ఏ రంగో ఇద్దరు కాపలా గోరింకలకే చెబుతాను. మాట మోసే పక్షి రెక్క కింద ఒకరిని ఆనాటి దారం కట్టమను, అది కనబడితేనే రెండోవారిని పెట్టె తెరవమను.”

పలుకులమ్మ కళ్ళు మెరిశాయి. “అమ్మో! చెప్పకపోతే నాకీ మందు దొరికేదే కాదు!”

పది, మూడు, పదమూడు గోతాలు. వాటికి మేడ లేవదు. వడ్రంగి పిట్టలు సరస్సు నడుమ నాలుగు గుంజలు పాతి ఒక చిన్న మంచె వేసి పోయాయి. అది విరగకుండా ఉంటే చాలనుకుంటూ గోరింకలు వంతులవారీగా దాని మీద వాలేవి.

ఇక చూడండి. ముందుగా మంచు వచ్చింది. మూడు రోజులు లోకమంతా తెల్లటి నిద్ర. పలుకులమ్మను నమ్ముకున్నవాళ్ళు, “చెప్పిందిగా” అనుకుని గంజి కాచుకుని ఊరుకున్నారు. నీలదొర వాకిట మాత్రం, “మా మాటేదీ? మా సొమ్మేదీ?” అని కేకలే కేకలు.

తరువాత డేగ వచ్చింది. గోరింక ఒకటి హడలిపోయి తొమ్మిదిని ఐదు అంది. పలుకులమ్మ తన పెట్టెలోంచి నాలుగు వరహాలు తీసి ఇచ్చేసింది. చిలుక ఒకటి ఐదును తొమ్మిది అంది. ఆ నాలుగూ ఎవరివని నీలదొర వాకిట తన్నులాట.

ఆఖరున దొంగ వచ్చాడు. ఒక గోరింకకూ ఒక చిలుకకూ, “రాజుగారి బావమరిదికి నాలుగు వందలు!” అని నేర్పి వదిలాడు. గోరింక పలుకులమ్మ పెట్టె మీద వాలింది. కాపలా ముసలమ్మ రెక్క ఎత్తి చూసింది. దారం లేదు. “పోవే పో, బావమరిదిని రెండు కాళ్ళ మీద నడిచి రమ్మను!” అని తరిమేసింది. చిలుక నీలదొర పెట్టె మీద వాలింది. అక్కడివాళ్ళు అడిగినంతా ఇచ్చేశారు. పెట్టె ఖాళీ!

గోతాలిచ్చినవాళ్ళంతా నీలదొరను ముప్పు బండ దగ్గరికి లాక్కొచ్చారు.

“నేను ముందే చెప్పానుగా!” అంది నీలదొర.

“చెప్పావు నాయనా, కాదనను,” అన్నాడు కూర్మయ్య తాత. “నా చెవులు పాతవి. ఏం చెప్పావో మళ్ళీ ఒకసారి చెప్పు. నెమ్మదిగా.”

నీలదొర డప్పుల కోసం అటూ ఇటూ చూసింది. ఎవరికీ వినబడకుండా అన్న మాట దానికి మాత్రం ఎలా గుర్తుంటుంది? గుర్తుండి ఉంటే ఒక దారమో, ఒక తాళమో తనకూ తోచేదిగా!

మిగిలిన అరవై రెండు గోతాలూ ఎవరివి వాళ్ళకు పంచి ఇచ్చెయ్యమన్నాడు తాత. జనం వాటిని అటునుంచటే భుజానికెత్తుకుని పలుకులమ్మ దగ్గరికి పరుగెత్తారు. వాళ్ళలో ముందున్నవాడు ఆ బియ్యం వర్తకుడే!

“తీసుకో గోరింకమ్మా! కట్టు మేడ!”

చుక్కయ్య ఆనందం పట్టలేక గోతం మీద గంతేశాడు. పలుకులమ్మ మాత్రం రెక్క అడ్డం పెట్టింది.

“ఆగండి. ముందు కూర్చోండి. నాలుగో ముప్పు ఒకటి పుట్టింది.”

“అదేమిటి?”

“మీరే. ఒక్కసారిగా అందరూ నా దగ్గరికే వస్తున్నారు. నా పక్షులు నలభై. చాలకపోతే మాటలు ఆలస్యమవుతాయి. విని, ఇంటికెళ్ళి ఆలోచించుకుని, అప్పుడు తెండి.”

ఈసారి డప్పు లేదు. నవ్వు లేదు. మంచు కూడా మెల్లగా వచ్చి బండ చుట్టూ కూర్చుని విన్నట్టుంది. విన్నవాళ్ళు ఇంటికి వెళ్ళారు. మర్నాడు కొందరు గోతమంతా తెచ్చారు, కొందరు సగమే తెచ్చారు, ఇద్దరు రానే లేదు. వాళ్ళు ఎదురైనప్పుడు కూడా పలుకులమ్మ, “మంచి పని చేశారు” అంది. వడ్రంగి పిట్టలు కొంత కూలి మేడ లేచాక పుచ్చుకుంటామన్నాయి. మొదటి వాన చినుకు పడేనాటికి మంచుమడుగు నడుమ గూటిమేడ లేచింది. నలభై గోరింకలూ దాని మీద వాలి హాయిగా ఊపిరి తీసుకున్నాయి.

కాబట్టి పిల్లలూ, ఇందులో నీతి: పదిమంది సొమ్ము అడిగేవాడు దానికున్న ముప్పును పదిమందికీ అర్థమయ్యేలా చెప్పాలి, అలా చెప్పినవాడికే ఆ ముప్పును దాటే దారీ, పదిమంది నమ్మకమూ రెండూ దొరుకుతాయి.