గిడ్డన్న ముడి

గొర్రెలకు కొమ్ములు, మనుషులకు కోపాలు కొత్తగా మొలుస్తున్న కాలంలో, ఎర్రగుట్టల నడుమ ఒక వంక పారుతుండేది. వంకకు ఎగువన పైదొడ్డి, దిగువన కిందిదొడ్డి. రెండూ గొర్రెలు కాసుకునేవాళ్ల ఊళ్లే. ఒక ఊరి పిల్లను ఇంకో ఊరికి ఇచ్చుకునేవాళ్లు, ఒక ఊరి పొట్టేలును ఇంకో ఊరి పొట్టేలు మీదికి ఉసిగొల్పేవాళ్లు. పెళ్లిళ్లూ పోట్లాటలూ అన్నీ వాళ్లలో వాళ్లకే.

పైదొడ్డిలో గిడ్డన్న ఉండేవాడు. మనిషి పొట్టి, మాట మెత్తన. భార్య మారెక్కకు మాత్రం ఆ మెత్తదనం ఏ కోశానా లేదు. ఆమె నోరు తెరిస్తే గుట్ట మీద మేకలు మేత మానేసి ఇటు చూసేవి. ఒక్క అల్లుడి ముందు మాత్రం ఆ నోరు మూతపడేది. ఆ ఊళ్లలో అత్త అల్లుడికి ఎదురుపడి మాట్లాడకూడదు. అల్లుడొస్తున్నాడంటే నెత్తిన కొంగేసుకుని గోడ చాటుకు పోయేది.

ఆ కాలంలో గొర్రెల కాపరులు కత్తిని ఉత్తగానే మొలలో దోపుకునేవాళ్లు. కొమ్మ కొట్టాలన్నా కత్తి, ముల్లు తీయాలన్నా కత్తి. గిడ్డన్న కూడా అట్లాగే దోపుకుని, మేకపిల్లలకు నాలుగు రెమ్మలు కొడదామని తుమ్మచెట్టెక్కాడు. కాలు జారింది. కింద పడ్డప్పుడు దెబ్బ తగలలేదు గానీ, మొలలోని కత్తి తొడలో దిగింది.

గాయం మానింది. కాలు మాత్రం కుంటిదైపోయింది. ఇక మంద వెంట తిరగలేడు. వాకిట్లో కూర్చుని, ఎదురుగా గోడకు తగిలించిన కత్తిని చూస్తూ పొద్దుపుచ్చేవాడు. దాని మీద అతనికి కోపం రాలేదు. జాలేసింది.

"పాపం, కత్తికి కూడా ఒక ఇల్లు కావాల గదా," అన్నాడు.

మారెక్క చేటలో జొన్నలు చెరుగుతూ వింది. "కాలికి తగిలింది అనుకున్యా. తలకాయికి కూడా తగిలినట్లుండాది," అంది.

గిడ్డన్న నవ్వాడు. మర్నాడు చచ్చిన మేక తోలు ఒకటి తెచ్చి, తుమ్మముల్లుతో బెజ్జాలు పొడిచి, కత్తికి ఒర కుట్టాడు. నేర్పేవాళ్లు ఎవరూ లేరు. తోలుపని చేసేవాళ్లు దూరపు ఊళ్లో ఉన్నారు, వాళ్లు కుట్టేది చెప్పులు, బావిలో నీళ్లు తోడే మోటబానలు. కత్తికి ఒర కుట్టడం ఆ చుట్టుపక్కల ఎవరూ చూడనే లేదు.

మొదటి ఒర పచ్చితోలుది. నాలుగు రోజులకే ఊరంతా కంపు. ఒకరోజు గిడ్డన్న కునుకు తీస్తుంటే కుక్కలొచ్చి దాన్ని ఈడ్చుకుపోయాయి. ఒర తిన్న కుక్క కడుపుబ్బి కిందా మీదా పడింది. దానికి వాము నీళ్లు తాగించింది కూడా గిడ్డన్నే.

రెండో ఒర తోలును బాగా ఎండబెట్టి కుట్టాడు. కత్తి లోపలికి పోయింది. బయటికి మాత్రం రాలేదు. తమ్ముడు కరియప్ప వచ్చి లాగాడు, రాలేదు. పక్కింటాయన వచ్చి కరియప్ప నడుం పట్టుకుని లాగాడు, రాలేదు. దారిన పోయే పెద్దమనిషి పక్కింటాయన నడుం పట్టుకుని లాగాడు. ముగ్గురూ వెల్లకిలా పడ్డారు, కత్తి ఒరలోనే ఉంది. గిడ్డన్న విసుక్కుని దాన్ని తీసుకెళ్లి వంక పక్కన గుంటలో పడేశాడు.

ఆ గుంట ఒడ్డున ఎవరో తంగేడు పొదలు కొట్టి, చెక్క ఒలిచి పోయారు. వాన పడి ఆ చెక్కంతా నీళ్లలో నానింది. నీళ్లు ఎర్రగా తిరిగాయి. కొంతకాలానికి, పోనీ కత్తయినా తెచ్చుకుందామని గిడ్డన్న పోయి చూస్తే, తోలు మెత్తగా ఉంది. ఎర్రగా ఉంది. కంపు లేదు. కత్తి తుప్పు పట్టింది గానీ, పట్టుకుని లాగితే ఇట్టే ఊడొచ్చింది.

గిడ్డన్న గుంట ఒడ్డునే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సంతోషానికి ఏడ్చేవాణ్ని, వెంట వచ్చిన మారెక్క అదే మొదటిసారి చూడటం.

అప్పటినుంచి అదే పని. తంగేడు చెక్క దంచడం, తోలు నానేయడం, నీడన ఆరేయడం, కొబ్బరినూనె పట్టించడం, కుట్టడం. "గొర్లు కాసే ఇంట్లో పుట్టి ఈ తోలు పనేందిరా?" అని బంధువులు ముక్కు మూసుకున్నారు. ఆ ఇంట్లో మంచినీళ్లు తాగడం మానేశారు. ఒరలు కుట్టించుకోవడం మాత్రం మానలేదు. ముఖం పక్కకు తిప్పుకునే వచ్చి, నడుం కొలత ఇచ్చిపోయేవాళ్లు.

"కత్తికి కూడా ఒక ఇల్లు కావాల గదా," అని గిడ్డన్న అందరికీ కుట్టిచ్చాడు. పైదొడ్డికి కుట్టాడు, కిందిదొడ్డికి కుట్టాడు. కిందిదొడ్డిలో ఉన్న అల్లుడు గాదిలింగకైతే ఒర మీద పొట్టేలు బొమ్మ కూడా వేసిచ్చాడు. మొలలోని కత్తి తొడలో దిగి కుంటివాడైనవాడు ఆ గుట్టల్లో మళ్లీ ఒక్కడు లేడు.

ఇక్కడే మన గిడ్డన్నకు కొంచెం గర్వం తలకెక్కింది. మంచివాళ్లకు ఎక్కదని ఎవరన్నారు? తీస్తే గాలిలా రావాలి, పెడితే నీళ్లలా పోవాలి అని లోపలి తోలుకు నూనె మీద నూనె పట్టించాడు. "రెప్పేసి తీసేలోపల కత్తి చేతిలో ఉంటాది సూడు," అని చెప్పుకునేవాడు.

నిజంగానే ఉంది. జాతరలో తమ్ముడు కరియప్ప, వాడి ప్రాణస్నేహితుడు ఎవరి పొట్టేలు పెద్దదని వాదులాడుకున్నారు. చిన్నప్పటినుంచి ఒక కంచంలో తిన్నవాళ్లు. మాట మీద మాట పెరిగింది. కరియప్ప చెయ్యి నడుం మీదికి పోయింది. అంతే, కత్తి బయట ఉంది, స్నేహితుడి రెండు వేళ్లు నేల మీద ఉన్నాయి.

కరియప్ప పరుగెత్తుకుంటూ వచ్చి అన్న కాళ్ల మీద పడ్డాడు. "అన్నా, నేను తీయల్యా. అదే వచ్చింది. నాకు కోపం వచ్చేలోపలే అది వచ్చేసింది!"

గిడ్డన్న అన్నం ముట్టలేదు. తన గొప్పతనమే రెండు వేళ్లు తెంపిందని అతనికి తెలుసు. కత్తి మొలలో ఉత్తగా ఉన్నప్పుడు, కోసుకుంటుందేమోనన్న భయానికైనా మనిషి మెల్లగా తీసేవాడు. ఆ భయం పోగొట్టింది తనే. ఏడ్చి ఏడ్చి చివరికి మారెక్కతో అన్నాడు.

"ఇల్లు కట్టినా గానీ, తలుపు పెట్టల్యా."

ఈసారి మారెక్క చేట పక్కన పెట్టి లేచింది. తంగేడు చెక్క రోట్లో పోసి తనే దంచింది.

గిడ్డన్న కొత్త ఒర కుట్టాడు. దాని నోటి దగ్గర రెండు సన్నటి తోలుపట్టీలు పెట్టాడు. వాటిని కత్తి పిడి మీదుగా తెచ్చి ముడేయాలి. ఆ ముడి గిడ్డన్న సొంతంగా కనిపెట్టింది. మెల్లగా తోస్తే ఒక్క వేలికే విడిపోతుంది. ఆత్రంగా లాగితే బిగుసుకుంటుంది. ఇంకా లాగితే ఇంకా బిగుసుకుంటుంది.

ఇచ్చిన పాత ఒరలన్నీ వెనక్కి తెచ్చి తలుపులు పెట్టాలి. కుంటికాలుతో ఇల్లిల్లూ తిరిగాడు. "కుట్టు వదులైంది, సరిచేసిస్తా," అని కొందరి దగ్గర తీసుకున్నాడు. "తోడేలొస్తే ముడి ఇప్పుకుంటా కూచోవాల్నా?" అని ఎగతాళి చేసినవాళ్లకు, "తోడేలుకు కట్టె ఉండాది, కుక్క ఉండాది. కత్తి కొమ్మలకప్పా," అని చెప్పి తీసుకున్నాడు. అందరూ ఇచ్చారు, అల్లుడు గాదిలింగ తప్ప. ఆ పొట్టేలు బొమ్మ ఒర వాడి నడుముకు నగ లాంటిది.

మొదటిసారి పోయి అడిగాడు. "నాది బాగుండాది మామా," అన్నాడు గాదిలింగ.

రెండోసారి పోయి అడిగాడు. "సూద్దాంలే మామా," అన్నాడు.

మూడోసారి పోయి ఏమీ అడగలేదు. అరుగు మీద కూర్చున్నాడు. కూతురు సిద్దమ్మ వేడివేడి సంగటి ముద్ద, చింతాకు పప్పు తెచ్చి ముందు పెట్టింది. "తిను నాయనా," అంది. చెయ్యి కడుక్కోలేదు. సంగటి చల్లారింది. వీధిలో పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. పిల్లనిచ్చిన మామ ఇంటికొచ్చి ముద్ద ముట్టకుండా కూర్చుంటే, ఆ ఇంటికి అంతకంటే తలవంపు ఉందా? గాదిలింగ నడుము నుంచి ఒర విప్పి మామ ఒళ్లో పడేశాడు.

"తీస్కపో మామా, తీస్కపో! ముందు సంగటి తిను!"

గిడ్డన్న చల్లారిన ముద్దంతా తిని, ఇంకో ముద్ద కూడా వేయించుకున్నాడు.

ఒరలన్నిటికీ పట్టీలు కుట్టి ఎవరివి వాళ్లకు తిరిగిచ్చాడు. ఆపై వానలు మొహం చాటేశాయి. వంక ఎండింది. ఇసుకలో తోడిన చెలమ ఒక్కటే మిగిలింది. రెండు ఊళ్ల మందలకూ ఆ ఒక్క చెలమే దిక్కు. ఒక మంద తాగి పోయాక నీళ్లు ఊరేదాకా ఇంకో మంద ఆగాలి. దాహానికి గొర్రెలు ఆగుతాయా, మనుషులైనా ఆగుతారా?

ఒకనాడు మిట్టమధ్యాహ్నం పైదొడ్డి మంద కరియప్పతో, కిందిదొడ్డి మంద గాదిలింగతో ఒకేసారి దిగాయి. తొక్కిసలాటలో ఒక గొర్రెపిల్ల చచ్చిపోయింది. మొదట గొర్రెలను తిట్టుకున్నారు. తర్వాత ఊళ్లను తిట్టుకున్నారు. ఆ తర్వాత పోయిన పెద్దలను తిట్టుకున్నారు. అక్కడితో మాటలైపోయాయి. అటు వరసగా నిలబడ్డారు, ఇటు వరసగా నిలబడ్డారు. ముందు నిలబడింది కరియప్ప, వాడికి ఎదురుగా గాదిలింగ.

ఆ కేకలు విని గిడ్డన్న కట్టె పట్టుకుని గట్టు మీదికొచ్చాడు. కిందికి దిగాలంటే కాలు రాదు. "ఒరేయ్! ఆగండ్రా!" అని అరిచాడు. మెత్తటి గొంతు, ఎవరికి వినబడుతుంది? అటు పడితే తమ్ముడు పోతాడు. ఇటు పడితే కూతురి తాడు తెగుతుంది. ఎటు చిందినా తన నెత్తురే, తను కుట్టిన ఒరలోంచే.

చేతులన్నీ నడుముల మీదికి పోయాయి.

పోయి, అక్కడే ఉండిపోయాయి.

లాగారు. బిగుసుకుంది. ఇంకా లాగారు. ఇంకా బిగుసుకుంది. ఒకడు పళ్లు పెట్టి కొరుకుదామని వంగాడు, నోరందలేదు. ఒకడు గిరగిరా తిరిగాడు. చెమట కళ్లలోకి కారుతుంటే రెండు ఊళ్ల మగవాళ్లు నడుముల దగ్గర తలలు వంచుకుని, చేతులు రెండూ కిందికి పెట్టి తంటాలు పడుతున్నారు.

చెలమ పక్కన కుండతో నీళ్లకొచ్చిన మారెక్క ఉంది. ఎదురుగా అల్లుడున్నాడు. నెత్తి మీది కొంగు తీసి నడుముకు చెక్కింది. ఆ జన్మకు మొదటిసారి అల్లుడి ముందు నోరు తెరిచింది.

"ఏమిరా? రెండూళ్ల మొగోళ్లకూ ఒక్కపారే ఒంటికొచ్చిందా? అంత ఆత్రమయితే ఆ పొదల సాటుకు పోండి. తాగే నీళ్లురా ఇవి!"

గొర్రెలు కూడా తలెత్తి ఇటు చూశాయి. తర్వాత ఎవడో కిసుక్కుమన్నాడు. పక్కవాడు ఆపుకోబోయి ఆపుకోలేకపోయాడు. అటు వరస నవ్వింది, ఇటు వరస నవ్వింది. కరియప్ప నవ్వలేక నవ్వుతూ ఇసుకలో కూర్చున్నాడు. గాదిలింగకు ఎటు తిరగాలో తెలియలేదు. వాడి చేతులింకా ముడి మీదే ఉన్నాయి. ఎదురుగా కూర్చున్న కరియప్పనే అడిగాడు.

"దీన్నెట్ల ఇప్పాలప్పా? మర్సిపోయినా."

"లాగొద్దురా నాయనా. మెల్లగా తొయ్యాల," అని కరియప్ప లేచి, దగ్గరికి పోయి, ఒక్క వేలితో విప్పి చూపించాడు. కత్తి ఊడి రాలేదు. దాన్ని తీయాలన్న సంగతి అప్పటికి ఇద్దరూ మరిచిపోయారు.

గట్టు మీద గిడ్డన్న కట్టె పక్కన పడేసి, రెండు చేతుల్తో మొహం కప్పుకుని కూలబడ్డాడు. ఆనాడు పెద్ద గొర్రెలకంటే ముందు రెండు ఊళ్ల గొర్రెపిల్లలకూ నీళ్లు పెట్టారు.

తర్వాత గిడ్డన్న చాలాకాలం బతికాడు, చాలా ఒరలు కుట్టాడు, మారెక్కతో చాలా మాటలు పడ్డాడు. పోయినప్పుడు పైదొడ్డివాళ్లు మావాడన్నారు, కిందిదొడ్డివాళ్లు మాకు పిల్లనిచ్చినవాడన్నారు. తగువు తెగక, చెలమ గట్టు మీదే పూడ్చిపెట్టి, పైన రాళ్లు పేర్చారు. ఒకప్పుడు ఆ ఇంట్లో నీళ్లు ముట్టని బంధువులు వరసగా నిలబడి, ఆ చెలమ నీళ్లే దోసిళ్లతో మారెక్క చేతి మీదుగా తాగారు. మారెక్క అందరికీ పోసింది, అందరినీ తిట్టింది, వెక్కివెక్కి ఏడ్చింది.

ఇప్పటికీ ఆ గుట్టల్లో ఎవరైనా కోపంతో ఊగిపోతుంటే, "ముందు గిడ్డన్న ముడి ఇప్పుకోని రా," అంటారు. అన్నదమ్ములు పొలం గట్టు దగ్గర తగువు పడినా, మొగుడూ పెళ్లాం మాటలు మానేసినా, వియ్యంకులు ముఖాలు తిప్పుకున్నా, ఇద్దరినీ గిడ్డన్న రాళ్ల దగ్గరికి తీసుకుపోతారు. చెరొక తోలుపట్టీ ఇస్తారు. నీ పట్టీ నువ్వు ముడేయాలి. అవతలివాళ్ల ముడి నువ్వు విప్పాలి. కోపంలో ఉన్న చేతులకు అది రాదు. లాగుతారు, బిగుసుకుంటుంది. ఇంకా లాగుతారు, ఇంకా బిగుసుకుంటుంది. చివరికి ఎవరో ఒకరు తలెత్తి, ఎదుటి మనిషి మొహం చూసి అడగక తప్పదు.

"దీన్నెట్ల ఇప్పాలప్పా?"

అడిగినాక మళ్లీ కొట్టుకున్నవాళ్లను ఆ గుట్టల్లో ఎవరూ చూడలేదట.

కథ ఒరలోకి, మనం ఇళ్లలోకి.